లక్కీ డ్రాలో మనకెందుకు చోటు లేదు?

ప్రశ్న: మెటల్ డిటెక్టర్‌తో పాత నాణేలు వెతకడం నాకు సరదా. ఓ విదేశీ కంపెనీ లక్కీ డ్రాలో భారతీయులకు చోటు లేదట. విదేశంలో ఉన్న స్నేహితుడి చిరునామా ఇవ్వొచ్చా?
– ఓ పాఠకుడు, మైలవరం

జవాబు: ఇవ్వకండి. గెలిచినవారిని గుర్తింపు కార్డు అడిగితే బహుమతి అక్కడే పోతుంది. భారతీయులకు చోటివ్వకపోవడంలో మీపై చిన్నచూపేమీ లేదు. లక్కీ డ్రా చట్టాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. తమిళనాడు 1979లోనే బహుమతి పథకాలను నిషేధించింది. అన్ని చట్టాలూ చూసుకోవడం కన్నా కొన్ని ప్రాంతాలను వదిలేయడమే కంపెనీలకు తేలిక. నిబంధనల్లో ‘అర్హత’ ముందు చదవండి. రుసుము కడితే చేర్చుకుంటామంటే నమ్మొద్దు.

నాకు అంతకన్నా ముఖ్యమనిపించేది మీ వెతుకులాట. మీకు దగ్గర్లోని గండికోట కట్టడాల వద్ద తవ్వకండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, భూమిలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి. అలాంటిదేదైనా దొరికితే కడిగి తోమకుండా తహసీల్దారు కార్యాలయానికి వెళ్లండి. ఇక డ్రా పేరుతో డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి.