ఓనరు గారి వాక్యూమ్‌తో లప్పం పొడి లాగకండి

లప్పం రుద్దుడు అయిపోయింది. రేపు ప్రైమర్, వచ్చేవారం గృహప్రవేశం. నేల మీద, కిటికీ చట్రాల్లో, స్విచ్ బోర్డుల మీద తెల్లటి పొడి. ఓనరు గారు లోపలికెళ్లి వాక్యూమ్ క్లీనర్ పట్టుకొచ్చి, "ఇదిగో, దీంతో లాగెయ్యండి, తొందరగా తెములుతుంది" అంటారు. పొదిలిలోనైనా దర్శిలోనైనా పెయింటింగ్, సీలింగ్, వైరింగ్ పనులు పట్టేవాళ్లకి ఇది కొత్త సంగతి కాదు. ప్లగ్ పెట్టేముందు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మెషిన్ ఇచ్చింది ఆయనే అయినా కాలినప్పుడు అది ఉన్నది మీ చేతిలో. ఫైనల్ బిల్లు ఇంకా చేతికి రాని రోజుల్లో తప్పెవరిదన్న వాదన పెట్టుకుంటే నష్టపోయేది మీరే.

అసలు మోటారు ఎందుకు పోతుందో తెలిస్తే మిగతాదంతా తేలిక. ఇళ్లలో వాడే మామూలు వాక్యూమ్‌లో, లాగిన గాలి ముందు సంచీ, తర్వాత ఫిల్టర్ దాటి మోటారు మీదుగా బయటికి పోతుంది. నిమిషానికి 20 వేల నుంచి 30 వేల చుట్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే తిరిగే ఆ మోటారును చల్లబరిచేది ఆ గాలే. ఇంటి దుమ్ములో వెంట్రుకలు, నూలుపోగులు, ఇసుక రేణువులు ఉంటాయి. అవి ఫిల్టర్ మీద వదులుగా నిలుస్తాయి, వాటి సందుల్లోంచి గాలి ఆడుతుంది. లప్పం, సిమెంటు, జిప్సం అలా కాదు. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. సిమెంటు రేణువుల్లో చాలా భాగం అందులో సగం కూడా ఉండవు. ఇవి ఫిల్టర్ మీద పూతలా పరుచుకుని రంధ్రాలు మూసేస్తాయి. గాలి తగ్గుతుంది, మోటారు వేడెక్కుతుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. గాలి ఆడనప్పుడు మోటారు మీద లోడు తగ్గి చుట్లు పెరుగుతాయి, శబ్దం సన్నగా ఈలలా పైకి లేస్తుంది. "బాగా లాగుతోంది" అనుకుని ఇంకా నడుపుతారు. నిజానికి అది ఆపెయ్యాల్సిన గుర్తు. కాసేపటికి థర్మల్ కటౌట్ పడి మెషిన్ ఆగుతుంది. అరగంట చల్లారాక మళ్లీ తిరుగుతుంది కదా అని మళ్లీ వేస్తారు. ఇలా పదేపదే జరిగితే వైండింగ్ ఇన్సులేషన్ మాడుతుంది. ఈలోపు ఫిల్టర్ దాటిన పొడి బేరింగ్‌లోకి చేరి గ్రీజును ముద్ద చేస్తుంది, కార్బన్ బ్రష్‌లను అరగదీస్తుంది.

అంతకంటే ముందు మీ పనే చెడుతుంది. గుడ్డ సంచీ ఉన్న మెషిన్ సన్నపొడిని పూర్తిగా ఆపలేదు. ముందు నుంచి లాగినదాంట్లో కొంత వెనక నుంచి గదిలోకే వదులుతుంది. చూడాలనుంటే కిటికీలు మూసి, లైటు ఆర్పి, గాలి బయటికొచ్చే జాలీ పక్కన ఫోన్ టార్చి అడ్డంగా పట్టండి. వెలుతురులో తెల్లగా పొగలా కనిపించేదంతా మీరు ఇప్పుడే నేల మీద నుంచి ఎత్తిన లప్పమే. తెల్లారేసరికి అది గోడల మీద వాలి ఉంటుంది. దాని మీద ప్రైమర్ కొడితే చేతికి గరుకు తగులుతుంది, మళ్లీ ఉప్పుకాగితం పట్టాల్సొస్తుంది. ఆదా అయిందనుకున్న గంట ఒక పూట కూలీని మింగుతుంది.

కాబట్టి పద్ధతి ఒక్కటే: పొడి మెషిన్ దాకా రాకముందే దాన్ని ఆపాలి. వాక్యూమ్‌ను ఆఖరి పనికి మాత్రమే ఉంచుకోవాలి. రుద్దేముందే నేల మీద పట్టా పరవండి. రుద్దడం అయ్యాక పొడి కిందికి దిగేదాకా గది మూసి ఉంచండి. ఆ తర్వాత పట్టాను నాలుగు మూలలా పట్టి మడిచి ఎత్తితే ఎక్కువ భాగం అందులోనే వెళ్లిపోతుంది. నేల మీద మిగిలిన కుప్పను రేకుతో, చేటతో గోనెసంచిలోకి ఎత్తండి. పొడి చీపురు వాడకండి, అది పొడిని గాలిలోకి లేపడానికి తప్ప పనికిరాదు. నేలను తడిగుడ్డతో రెండుసార్లు తుడవండి, ప్రతిసారీ నీళ్లు మార్చండి. ఇక మెషిన్‌కి మిగిలేది కిటికీ ట్రాకులు, స్విచ్ బాక్సులు, సీలింగ్ అంచులు, అంతే.

ఆ మిగిలిన పనికైనా ఇంటి మెషిన్ కాకుండా మీ సొంత వెట్ అండ్ డ్రై మెషిన్ ఉండాలి. వీటిలో చాలావాటికి మోటారు చల్లబడే గాలి వేరే దారిన వస్తుంది, మురికి గాలి వేరే దారిన పోతుంది. మీరు వారంలో కడుతున్న కూలీలతో పోలిస్తే చిన్న సైజు మెషిన్ పెద్ద ఖర్చేమీ కాదు. రోజుకూలీ నుంచి సొంతంగా పనులు ఒప్పుకునే స్థాయికి రావాలనుకునేవాళ్లు మొదట కొనాల్సిన సామాన్లలో దీన్నీ చేర్చుకోండి. దాంట్లో గుడ్డ సంచీ బదులు వాడి పారేసే ఫ్లీస్ బ్యాగు, లోపల మడతల ఫిల్టర్ వాడండి. యూరప్‌లో పని వాక్యూమ్‌లకు ఎల్, ఎమ్, హెచ్ అని మూడు తరగతులున్నాయి. కాంక్రీటు, చెక్క పొడికి ఎమ్ తరగతి అడుగుతారు, అంటే వచ్చిన పొడిలో 0.1 శాతం కంటే తక్కువే బయటికి వదలాలి. పెద్ద ఇంటీరియర్ కంపెనీల దగ్గర సబ్ కాంట్రాక్టు చేయాలనుకునేవాళ్లు ఆ అక్షరం చూసి కొనండి.

మెషిన్‌కి ముందు ఒక బకెట్ సైక్లోన్ పెట్టుకుంటే ఫిల్టర్ ఆయుష్షు ఎన్నో రెట్లు పెరుగుతుంది. జిన్నింగ్ మిల్లుల మీద, రైస్ మిల్లుల మీద గరాటా ఆకారంలో కనిపించే రేకు గొట్టం చేసే పని ఇదే. గాలి పక్క నుంచి లోపలికొచ్చి గోడ వెంబడి గిర్రున తిరుగుతుంది, బరువైన పొడి గోడకు కొట్టుకుని కిందికి జారుతుంది, తేలిక గాలి మధ్యలోంచి పైకి పోతుంది. మీ దగ్గర ఖాళీ 20 లీటర్ల పెయింట్ బకెట్లకు కొదవుండదు. ప్లాస్టిక్ సైక్లోన్ గరాటా ఆన్‌లైన్‌లో తెప్పించి బకెట్ మూతకు బిగించి, అతుకుల చుట్టూ సిలికాన్ పెట్టండి. అతుకు దగ్గర గాలి కారితే పొడి కిందికి దిగకుండా నేరుగా మెషిన్‌లోకే పోతుంది. గొట్టం మూసుకుపోయినప్పుడు పల్చటి బకెట్ లోపలికి నొక్కుకుపోతుంది కాబట్టి గట్టి బకెట్ చూసుకోండి. సగం నిండకముందే ఖాళీ చేయండి. కొందరు మెషిన్ ట్యాంకులో నీళ్లు పోసి పొడి లాగుతుంటారు. బుడగల్లో పొడి దాటిపోతుంది, తడి తగిలిన ఫిల్టర్ మీద సిమెంటు, లప్పం గట్టిపడిపోతాయి. మెషిన్‌తో వచ్చిన పుస్తకంలో నీటి ఫిల్టర్ అని రాసి ఉంటే తప్ప ఆ పని చేయొద్దు.

ఫిల్టర్ శుభ్రం చేసేటప్పుడే ఎక్కువ పాడవుతుంది. గోడకేసి కొడితే మడతల దగ్గర కాగితం చిట్లుతుంది. ఆరుబయట, మాస్కు పెట్టుకుని, అంచు మీద మెల్లగా తట్టండి. కంప్రెసర్ గాలి పెడితే ప్రెషర్ తగ్గించి, దూరం నుంచి, లోపలి వైపు నుంచి బయటికి కొట్టండి. బయటి నుంచి కొడితే పొడిని కాగితంలోకి కూరినట్టే. కడగొచ్చని రాసి ఉన్న ఫిల్టర్‌ను మాత్రమే కడగండి, నీడలో ఒక రోజంతా ఆరనివ్వండి. తిరిగి పెట్టేముందు లోపల ఫోన్ టార్చి వేసి చూడండి. సూదిమొనంత వెలుగు చుక్క కనిపించినా ఆ ఫిల్టర్ పని అయిపోయినట్టే.

ఇంతవరకు మెషిన్ సంగతి. మనిషి సంగతి ఇంతకంటే ముఖ్యం. గోడకు గాడి కొట్టినప్పుడు, టైల్స్ కోసినప్పుడు లేచే పొడిలో సిలికా ఉంటుంది. మార్కాపురం పలకరాయి కోసినా అంతే. ఏళ్ల తరబడి పీలిస్తే వచ్చే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బును నయం చేసే మందు లేదు. చీమకుర్తి గెలాక్సీ నల్లరాయిలో క్వార్ట్జ్ రూపంలోని సిలికా తక్కువే కానీ ఇప్పుడు వంటగట్లకు అడుగుతున్న ఇంజనీర్డ్ క్వార్ట్జ్ పలకల్లో సిలికా 90 శాతం దాకా, కొన్నిట్లో ఆపైన కూడా ఉంటుంది. వీటిని కోసే కార్మికులు చిన్న వయసులోనే జబ్బు పడుతుండటంతో ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఈ పలకల వాడకాన్ని నిషేధించింది. అలాంటి రాయిని నీళ్లు పోస్తూ కోయండి, ఎన్95 మాస్కు తీయకండి. తువ్వాలు ముక్కుకి చుట్టుకుంటే సన్నపొడి ఆగదు. ఈ పొడిని ఇంటి వాక్యూమ్‌తో లాగితే కిందున్నదాన్ని ముక్కు ఎత్తుకు తెచ్చినట్టే.

మండే పొడులది వేరే దారి. కారం, పసుపు, పిండి, చెక్కపొట్టు, దూది నుసి, పొగాకు నుసి గాలిలో దట్టంగా లేచి ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలగలవు. వాక్యూమ్ మోటారులో కార్బన్ల దగ్గర రవ్వలు రావడం మామూలే. పైగా ప్లాస్టిక్ గొట్టంలో పొడి రాసుకుంటూ పోతే స్టాటిక్ కరెంటు పుడుతుంది, చేతికి చురుక్కున తగిలేది అదే. 1878లో అమెరికాలోని మిన్నియాపోలిస్‌లో ఒక పిండిమిల్లు పేలి 18 మంది పోయారు. మన దగ్గర 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి ప్లాంటులో పేలుడు జరిగి 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. అక్కడ తయారయ్యేది మందుబిళ్లల్లో కలిపే సెల్యులోజ్ పొడి. అందుకని కారం మిల్లులో, జిన్నింగ్ మిల్లులో, పొగాకు గోదాములో క్లీనింగ్ పని ఒప్పుకుంటే మామూలు వాక్యూమ్ లోపలికి తీసుకెళ్లకండి. మిల్లు ఆపించి, యంత్రాలు చల్లారాక, మెత్తటి బ్రష్‌తో పొడి లేవకుండా ఎత్తి సంచుల్లో కట్టండి. కంప్రెసర్ గాలితో ఊదడం అన్నిటికంటే ప్రమాదం. అలాగని వంటింట్లో గరిటెడు కారం ఒలికితే భయపడక్కర్లేదు. దానికి తడిగుడ్డ చాలు. వాక్యూమ్ పెడితే మాత్రం ఘాటు ఇల్లంతా కమ్ముకుంటుంది, ఆ వాసన సంచీని వదలదు.

జిరాక్స్ షాపుల్లో, ఆఫీసుల్లో సర్వీసు చేసేవాళ్లకి టోనర్ తప్పదు. దాని రేణువు 5 నుంచి 10 మైక్రాన్లు, మామూలు సంచీలోంచి సులువుగా దాటిపోతుంది. వేడికి కరిగే పొడి కాబట్టి మోటారులో చేరితే అంటుకుపోతుంది. టోనర్ వాక్యూమ్ లేకపోతే పొడిగుడ్డతో మెల్లగా అద్ది తీయండి, చేతులు, బట్టలు చల్లటి నీళ్లతోనే కడగండి. మంటలార్పే ఏబీసీ సిలిండర్ పొడి షాపంతా పడినప్పుడు మాత్రం ఆలస్యం చేయొద్దు. అందులోని అమ్మోనియం ఫాస్ఫేట్ గాలిలోని తేమ పీల్చుకుని కంప్యూటర్ బోర్డుల్ని, కాటా మెషిన్ల కాంటాక్టుల్ని తినేస్తుంది. మెయిన్ ఆపి, ఎలక్ట్రానిక్స్ దగ్గర తడి పెట్టకుండా మెత్తటి బ్రష్, ఫ్లీస్ బ్యాగున్న మెషిన్‌తో అదే రోజు తీయాలి.

ఇక డబ్బు మాట. క్లీనింగ్‌ను ఎస్టిమేట్‌లో వేరే లైనుగా రాయండి. "లప్పం పొడి తీయడం, మా మెషిన్‌తో, ఇంత" అని వాట్సాప్‌లో పంపి, ఓనరు "సరే" అన్నాకే పని మొదలుపెట్టండి. ఆయన తన మెషిన్ వాడమని పట్టుబడితే, "సార్, ఇది ఇంటి దుమ్ముకి చేసిన మెషిన్, సిమెంటు పొడికి మోటారు కాలిపోద్ది, కంపెనీ వాళ్లు వారంటీ కూడా ఇవ్వరు" అని మర్యాదగా చెప్పండి. సైట్ పనికి వాడిన ఇంటి మెషిన్‌కి వారంటీ వర్తించదని చాలా కార్డుల్లో ఉంటుంది, ఆ కార్డు తీయించి చూపిస్తే మీ మాట మీద నమ్మకం కుదురుతుంది.

మీరు రాకముందే మీ కుర్రాడు ఓనరు మెషిన్‌తో పొడి లాగేసి ఉంటే, మెషిన్ ఇంకా తిరుగుతోందని మళ్లీ స్విచ్ వేయకండి. ప్లగ్ తీసి, సంచీ ఆరుబయట పెట్టి తెరవండి. ఫిల్టర్ కడగొద్దు, కొత్తది వేయండి. గొట్టం లోపలికి టార్చి వేసి పొడి గడ్డకట్టిందేమో చూడండి. మోటారు నుంచి మాడు వాసన వచ్చినా, గరగరమన్నా రీవైండింగ్ షాపులో విప్పించి పొడి ఊదించి, బేరింగ్లు, కార్బన్లు చూపించండి. ఓనరుకు ఆ రోజే ఫోన్ చేసి జరిగింది చెప్పండి. ఈ దశలో చూపిస్తే తరచూ కార్బన్ల ఖర్చుతో పోతుంది, నాలుగు రోజులు దాచి నడిపితే ఆర్మేచర్ మార్చాల్సొస్తుంది.