ట్యాంకుకూ ఊపిరి కావాలి

నేను ఆరో తరగతి చదివే రోజుల సంగతి ఇది. దేవరకొండ వైపు మా ఊళ్లో, మా బావి దగ్గర ఐదు హార్స్‌పవర్ ఆయిల్ ఇంజన్ ఉండేది. అది యాసంగి. పల్లిచేను ఊడలు దిగే సమయం. సరిగ్గా అప్పుడే ఇంజన్ మొండికేసింది. పావుగంట నడిచి ఆగేది. కాసేపు వదిలేస్తే మళ్లీ నడిచి, మళ్లీ ఆగేది. నాయన ఫిల్టరు మార్చాడు, డీజిలు మార్చాడు. ఫలితం లేదు. చేను వాడిపోసాగింది.

మూడోనాడు మేస్త్రీ వచ్చాడు. పానా ముట్టుకోలేదు. ట్యాంకు మూత కొంచెం వదులు చేశాడు. సుయ్‌మని గాలి లోపలికి పోయింది. ఇక ఇంజన్ ఆగలేదు. "ఇంజన్‌కేం గాలేదన్నా, ట్యాంకికి ఊపిరాడుతలేదు" అన్నాడతను. మూతకున్న సన్నని రంధ్రం మట్టితో పూడిపోయింది!

దీనికి కారణమేమిటి? డీజిలు తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి బయటి గాలి రావాలి. రాకపోతే ట్యాంకులో పీడనం తగ్గుతుంది. అప్పుడు డీజిలు కిందికి దిగదు. మీరూ చేసి చూడండి. ఒక ప్లాస్టిక్ సీసా అడుగున చిన్న రంధ్రం చేసి, నీళ్లు నింపి మూత బిగించండి. ధార ఆగిపోతుంది. మూత వదులు చేయండి. ధార మొదలవుతుంది. ఈ ప్రయోగం నీళ్లతోనే చేయాలి. పెట్రోలు, కిరోసిన్ జోలికి పోవద్దు.

బావి మీది ఇంజన్ ఆగితే చేను ఎండుతుంది. అదే ఆకాశంలో ఆగితే? సొంతంగా విమానాలు తయారు చేసుకునేవారు ప్రపంచంలో చాలామంది ఉన్నారు. రైట్ సోదరులూ అలాంటివారే. 1903 డిసెంబర్ 17న ఎగిరిన వారి విమానం ఇంజన్‌ను వారి సైకిల్ దుకాణంలోనే చార్లెస్ టేలర్ తయారు చేశాడు. దానికి ఇంధన పంపు లేదు. చిన్న ట్యాంకును పై రెక్క కింద గుంజకు కట్టారు. పెట్రోలు దానంతటదే కిందికి దిగేది.

రెక్కలు ఇంజన్ కంటే కింద ఉండే విమానాల సంగతి వేరు. వాటిలో ట్యాంకులు సాధారణంగా రెక్కల్లోనే ఉంటాయి. కనుక పెట్రోలు పైకి ఎక్కాలి. అందుకు పంపు అవసరం. ఇంజన్ తిరిగేటప్పుడు ఒక మీట కదిలి, డయాఫ్రం అనే పలుచని పొరను అటూ ఇటూ ఆడిస్తుంది. పొర వెనక్కి పోయినప్పుడు పంపులో పీడనం తగ్గుతుంది. ట్యాంకు మీది గాలి పెట్రోలును ఆ వైపు నెడుతుంది. పొర ముందుకు రాగానే మొదటి కవాటం మూసుకుని, రెండోది తెరుచుకుని, పెట్రోలు ఇంజన్‌కు చేరుతుంది. అంటే పంపు లాగడం లేదు. గాలే నెడుతోంది! ఈ ఒక్క మాట గుర్తుంటే లోపాలన్నీ అర్థమవుతాయి.

మొదటిది, ట్యాంకు గాలి రంధ్రం మూసుకుపోవడం. మా బావి దగ్గర జరిగింది ఇదే.

రెండోది, ఫిల్టరులో చెత్త, నీరు చేరడం.

మూడోది, ట్యాంకుకూ పంపుకూ మధ్య గొట్టంలో సన్నని పగులు. ఇది మోసకారి లోపం. అక్కడ పీడనం బయటికంటే తక్కువ కనుక పెట్రోలు కారదు, గాలి లోపలికి పోతుంది. గొట్టం పొడిగానే కనిపిస్తుంది, పంపుకు మాత్రం బుడగలు అందుతాయి.

నాలుగోది వేడి. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎండల్లో, వేడి ఇంజన్ పక్కన, గొట్టంలోనే పెట్రోలు ఆవిరి కావచ్చు. పీడనం తగ్గితే ద్రవాలు తక్కువ వేడికే మరుగుతాయి కదా! పైకి పోయేకొద్దీ గాలి పీడనం ఇంకా తగ్గుతుంది. ఆవిరి అడ్డుపడితే పంపు ఆడుతున్నా పెట్రోలు రాదు.

అయిదోది, డయాఫ్రం చిరగడం. పెట్రోలు కారి నిప్పు అంటుకోవచ్చు. అలాంటి విమానం ఎగరకూడదు.

అందుకే చాలా విమానాల్లో రెండో పంపు ఉంటుంది. ఇది కరెంటుతో నడుస్తుంది. దీన్ని ట్యాంకు దగ్గర పెడితే పెట్రోలును వెనుకనుంచి నెడుతుంది. గొట్టంలో పీడనం పెరిగి, ఆవిరి తగ్గుతుంది.

లోపం వెతకడానికీ ఇదే సాధనం. విమానం నేలమీద ఉండగానే ముందు ఇంజన్ ఆపి, కరెంటు పంపు వేసి, పీడనం చూపే మీటరును చూడాలి. తరువాత ఇంజన్ నడిపి, కరెంటు పంపు ఆపి చూడాలి. రెండో పరీక్షలోనే ముల్లు పడిపోతే, అనుమానం ఇంజన్ పంపు మీద, లేదా గొట్టంలో పగులు మీద. పగులుంటే, కరెంటు పంపు వేయగానే పెట్రోలు అక్కడ చెమరుస్తుంది! రెండు పరీక్షల్లోనూ ముల్లు లేవకపోతే, ట్యాంకు, గాలి రంధ్రం, ఫిల్టరు చూడాలి. మీటరే చెడిందేమో అదీ చూడాలి. గాలి రంధ్రం లోపం మాత్రం కాసేపు నడిపితేగాని బయటపడదు.

మా నాయన రెండు రోజులు తోచినవన్నీ మార్చాడు. మేస్త్రీ ట్యాంకు దగ్గర మొదలుపెట్టాడు. తేడా అదే.

ఆలోచించండి: ఉదయం చక్కగా నడిచిన ఇంజన్, మధ్యాహ్నం ఎండలో కాసేపు నిలిపాక మొరాయించింది. సాయంత్రం మళ్లీ నడిచింది. పైన చెప్పిన అయిదింటిలో మీరు దేన్ని అనుమానిస్తారు? ఎందుకు?