మోకాలు నొప్పా? తొడనడుగు!

చెల్లాయ్, బెజవాడ బీసెంట్ రోడ్డు చీరల షాపులో పొద్దుట్నుంచి షట్టర్ దించేదాకా నిలబడేదానివి, నొప్పులు రావడంలో వింతేముంది? కానీ "గుజ్జు అరిగిపోయిందక్కా, ఇక నడక తగ్గించేస్తా" అన్నావు చూడు, ఆ చివరి మాటకే నాకు కోపమొచ్చింది. నీకింకా నలభై కూడా రాలేదు.

ముందు గుజ్జు సంగతి విను. ఎముకల కొసలకు నున్నగా పట్టి ఉండే మృదులాస్థినే మనం గుజ్జంటాం. దానికి రక్తనాళాల్లేవు. కీలులోని జిగట ద్రవమే దానికి తిండి. అడుగు పడినప్పుడు ఆ ఒత్తిడికి కాస్త ద్రవం బయటికొస్తుంది, అడుగు లేవగానే తిరిగి లోపలికి చేరుతుంది. నువ్వు కదలడం మానేస్తే దానికి పస్తే.

ఇక ఎముక తనంతట తాను కదల్లేదు, కండరం లాగాలి. ఆ కండరానికి లాగడమే వచ్చు, నెట్టడం రాదు. అందుకే కండరాలు జతలుగా ఉంటాయి. తొడ ముందు కండరం బిగిస్తే కాలు చాపుకుంటుంది, వెనక కండరం బిగిస్తే మడత పడుతుంది. ఒకటి లాగేటప్పుడు రెండోది సడలి దారివ్వాలి. ముందు కండరం కిందికొచ్చేసరికి స్నాయువుగా మారి, మోకాలి చిప్పను తనలో పొదువుకుని, కింది కాలి ఎముకకు అతుక్కుంటుంది. ఆ చిప్ప బావి గిలకలాంటిది. చేంతాడు గిలక మీదుగా నడిచినట్టు స్నాయువు దాని మీదుగా నడుస్తుంది. చిప్ప దాన్ని కీలుకు కాస్త ఎడంగా ఎత్తి పెట్టడంవల్ల అదే బలానికి ఎక్కువ పని జరుగుతుంది.

మామూలు నడకలోనే మోకాలి మీద ఒంటి బరువుకు రెండు మూడింతలు పడుతుంది. మెట్ల మీద ఇంకా ఎక్కువ. తొడ గట్టిగా ఉంటే ఆ అదురును తను మోస్తుంది. నీరసపడితే అదంతా కీలు నెత్తిన పడుతుంది. నొప్పి మోకాల్లో ఉన్నా లోటు తొడలో ఉండొచ్చంటున్నా. మనం మాత్రం ఓ క్యాల్షియం బిళ్ల మింగి ఊరుకుంటాం!

నడవడం వేరు, నిలబడి ఉండిపోవడం వేరమ్మాయ్. నడిచేటప్పుడు పిక్క బిగుస్తూ సడలుతూ కాళ్లలోని రక్తాన్ని పైకి తోస్తుంది. కౌంటర్ వెనక కదలకుండా నిలబడితే ఆ తోపుడు ఉండదు. పాదాలు వాస్తాయి, నరాలు ఉబ్బుతాయి. షాపుల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే వీలు కల్పించాలని కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో చట్టాలు సవరించారు. మన గవర్నర్‌పేట ఓనర్లు చట్టం దాకా ఆగాలా? కౌంటర్ వెనక ఓ స్టూలు వేసినంత మాత్రాన చీరలు అమ్ముడుపోకుండా ఉంటాయా! బేరాల్లేనప్పుడు కూర్చో. కుదరదంటే నిలబడే మడమలెత్తి దించుతూ ఉండు, కుచ్చిళ్ల కింద ఎవరికి కనబడుతుందిలే.

శుక్రవారం అమ్మవారి కొండ మెట్లెక్కి దిగితే మర్నాడు తొడలు పట్టేశాయన్నావు. ఆ పని చాలామటుకు ఎక్కడానిది కాదు, దిగడానిది. ఎక్కేటప్పుడు ముందు తొడ కురచబడుతూ బిగుస్తుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూనే నీ బరువును ఆపాలి. అలవాటు లేని తొడ ఆ పనికి లోలోపల సన్నగా చిట్లుతుంది, రెండు మూడు రోజులు సలుపుతుంది. మానాక ముందుకంటే గట్టిపడుతుంది. కాబట్టి ఆ సలుపుకు భయపడి వచ్చే శుక్రవారం బస్సెక్కకు. మోకాలే వాచి ఉంటే మాత్రం మెట్ల జోలికి పోవద్దు.

"మనమేమైనా వస్తాదులమా అక్కా" అంటావని తెలుసు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మన సిక్కోలు ఆడపడుచు కరణం మల్లీశ్వరి రెండు ఎత్తుల్లో కలిపి 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ తనే. అంత బరువు ఒట్టి చేతుల బలంతో లేస్తుందా? గొంతుక్కూర్చున్న మనిషిని తొడలు, పిరుదులు పైకి లేపుతాయి. తుంటి, మోకాలు, చీలమండ మూడూ కలిసి తెరుచుకుంటాయి. పీట మీంచి చెయ్యి ఆనించకుండా లేచేటప్పుడు నీ ఒంట్లో జరిగేదీ ఇదే. పైగా బరువు పడినచోట ఎముక కూడా గట్టిపడుతుంది. ముట్లుడిగాక ఎలాగూ ఎముకలు పలచబడతాయి, అంతకుముందే కూడబెట్టుకుంటే మంచిది కదూ.

రెండు పూటలా కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదేసిసార్లు లేచి కూర్చో. మోకాలు పాదం వేళ్ల వైపే చూడాలి, లోపలికి వాలకూడదు. కూచిపూడి పిల్లలు అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు మడిచి సగం కూర్చున్నప్పుడు గమనించు, తుంటి దగ్గర్నుంచే కాళ్లు పక్కకు తిప్పుతారు. తుంటి తిరక్కుండా పాదాలొక్కటే తిప్పితే మోకాలు మెలిపడుతుంది.

మోకాలు వేడెక్కి వాచినా, మడత మధ్యలో ఇరుక్కుపోయినా, కాలు మోపలేకపోయినా నా ముచ్చట్లు పక్కనపెట్టి ఎముకల డాక్టరు దగ్గరికెళ్లు. ఎక్స్‌రేలో గుజ్జు నేరుగా కనబడదు, ఎముకల మధ్య సందును బట్టి అంచనా వేస్తారు. తొడ బలం అసలే కనబడదు. అందుకని ఫిల్మ్ చూసి ఊరుకుంటే, "తొడ బలం కూడా ఓసారి చూడండి డాక్టర్‌గారూ" అని నువ్వే అడుగు.