యోబు స్నేహితుల మాట మనకొద్దు

చిరంజీవి అల్లుడికి,

నీ మెసేజ్ చూశాను. ఎల్.బి.నగర్ నుంచి మీ దిల్‌సుఖ్‌నగర్ మెట్రోలో మూడో స్టేషనే, వచ్చి మాట్లాడొచ్చు. కానీ ఎదురెదురుగా కూర్చుంటే ఈ విషయం వాదనలోకి జారిపోతుంది, అందుకే రాస్తున్నాను. ‘ఇక్కడ బాంబులు పేలిన రోజు మీ దేవుడు ఎక్కడికి పోయాడు’ అని నీ రూంమేటు అడిగాడన్నావు. అతని నోరు మూయించే జవాబు కావాలన్నావు. నోరు మూయించే జవాబు నీకు ఇవ్వను.

ముందు ఆ రోజు సంగతి తెలుసుకో. 2013 ఫిబ్రవరి 21, గురువారం, సాయంత్రం ఏడు గంటల వేళ. ఆఫీసుల నుంచి తిరిగొచ్చేవాళ్లు, కోచింగ్ క్లాసులు ముగించుకుని టిఫిన్ కోసం నిలబడ్డ పిల్లలు. కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల దగ్గర సైకిళ్లకు అమర్చిన రెండు బాంబులు వెంటవెంటనే పేలాయి. తల్లి కడుపులోని బిడ్డతో కలిపి 18 మంది పోయారు. 130 మంది దాకా గాయపడ్డారు. నీలా చదువు కోసం, ఉద్యోగం కోసం వచ్చినవాళ్లు ఆ చనిపోయినవాళ్లలో ఉన్నారు. 2016 డిసెంబరులో ఎన్‌ఐఏ ప్రత్యేక కోర్టు ఐదుగురికి మరణశిక్ష వేసింది. 2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు దాన్ని ఖరారు చేసింది.

పేలుళ్ల తర్వాతి ఆదివారాల్లో చర్చిలో మనవాళ్లు చెప్పిన సాక్ష్యాలు నాకింకా గుర్తున్నాయి. బస్సు దొరకలేదు కాబట్టి బతికానని ఒకరు, ఆ రోజు క్లాసుకు వెళ్లబుద్ధి కాలేదని ఒకరు. బతికినందుకు దేవునికి స్తోత్రం చెప్పుకోవడంలో తప్పులేదు. కానీ ‘దేవుడు నన్ను తప్పించాడు’ అని మైకులో చెబుతుంటే, బిడ్డను పోగొట్టుకున్న తల్లి వెనక వరసలో కూర్చుని ఉందనుకో, ఆమెకు ఏం వినిపిస్తుంది? నీ బిడ్డను తప్పించలేదు అనేగా! లూకా సువార్త 13వ అధ్యాయం తీసి చూడు. సిలోయములో గోపురం కూలి చనిపోయినవాళ్లు కూడా 18 మందే. వాళ్లు మిగతావాళ్లకంటే పాపులేం కాదని యేసు తేల్చి చెప్పాడు. గోపురం ఎందుకు కూలనిచ్చాడో చెప్పలేదు. వింటున్నవాళ్లను మాత్రం మీరు మారుమనస్సు పొందండి అన్నాడు. పోయినవాళ్ల లెక్కలు తీయడం మన పని కాదని నాకు అక్కడ అర్థమైంది.

నువ్వు చెప్పబోయే జవాబు నాకు తెలుసు: దేవుడు మనిషికి స్వేచ్ఛ ఇచ్చాడు, ఆ ఐదుగురు దాన్ని చెడుకు వాడారు. ఇది తేలికైన వాదన కాదు. మంచివాడూ సర్వశక్తిమంతుడూ అయిన దేవుడున్నాడనీ, చెడు కూడా ఉందనీ ఒకే నోటితో అనలేమని 1955లో మాకీ అనే తత్వవేత్త రాశాడు. ఆ రెండు మాటలకూ పొసగదనడం సరికాదని ఆల్విన్ ప్లాంటింగా అనే మరో తత్వవేత్త 1974లో స్వేచ్ఛ ఆధారంగానే వాదించాడు. ఆ వాదన బలమైనదనే నా నమ్మకం. అయితే అది పొసగుతుందని చూపించేదే తప్ప, ఆ సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో దేవుడు ఎందుకు ఊరుకున్నాడో చెప్పేది కాదు. బాధలో ఉన్నవాడికి ఇది ఓదార్పు కాదని ప్లాంటింగాయే ఒప్పుకున్నాడు.

పైగా స్వేచ్ఛ అన్నిటికీ సరిపోదు. 2020 అక్టోబరు 13 రాత్రి వానకు సరూర్‌నగర్ చెరువు కింద కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అందులో మనుషుల పాపం చాలా ఉంది. చెరువు శిఖంలో ప్లాట్లు వేసిందీ, నాలాల మీద గోడలు కట్టిందీ మనమే, అది దేవుడి ఖాతాలో రాయకూడదు. కానీ మూడేళ్ల పసివాడికి వచ్చే బ్లడ్ క్యాన్సర్‌ని ఎవరి స్వేచ్ఛ ఖాతాలో రాస్తావు? కష్టాలు మనిషిని తీర్చిదిద్దుతాయంటారు, కొందరి విషయంలో అది నిజమే. ఆ పసివాడికి అలా ఎదగడానికి కాలమేదీ?

ఇక్కడ క్రైస్తవ రచయిత సి.ఎస్. లూయిస్ సంగతి చెప్పాలి. 1940లో బాధ గురించి ఆయన చక్కని పుస్తకం రాశాడు, మన యూత్ మీటింగుల్లో దాన్ని తెగ వల్లిస్తారు. 1960లో భార్య క్యాన్సర్‌తో పోయింది. మరుసటి ఏడాది ఇంకో పుస్తకం మారుపేరుతో వచ్చింది. అందులో దేవుడి మీద కోపం, అనుమానం ఏదీ దాచలేదు. విశ్వాసం వదల్లేదు, కానీ మొదటి పుస్తకంలోని ధీమా రెండోదానిలో కనిపించదు. నువ్వు రెండోది చదువు, మొదటిది తర్వాత చూద్దువుగాని.

యోబు గ్రంథం కూడా మొత్తం చదువు, మొదటి రెండధ్యాయాలు, చివరిదీ చదివి ఆపకు. ముగ్గురు స్నేహితులు వచ్చి ఏడు రోజులు నేలమీద, బాధలో ఉన్న యోబు పక్కన మౌనంగా కూర్చున్నారు. అంతవరకూ వాళ్లు మంచివాళ్లే. ఆ తర్వాత నోరు తెరిచి దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్నారు: నువ్వేదో తప్పు చేసి ఉంటావు, దేవుడు అన్యాయం చేయడు అని. యోబు మాత్రం దేవుడితోనే పోట్లాడాడు. చివర్లో దేవుడికి కోపం వచ్చింది ఎవరి మీద? తనను సమర్థించినవాళ్ల మీదే. తన గురించి సరిగ్గా మాట్లాడింది యోబే అన్నాడు. దేవుణ్ణి కాపాడటానికి చనిపోయినవాళ్ల మీద అబద్ధం ఆడితే ఆయన ఒప్పుకోడు.

మరి నేనెలా నమ్ముతున్నానంటావేమో. సిలువ మీద యేసు కూడా తండ్రిని ‘ఎందుకు’ అనే అడిగాడు. బాధను దూరం నుంచి వివరించే దేవుణ్ణి నేను నమ్మలేను, అందులోకి దిగి గాయపడ్డవాణ్ణి నమ్ముతాను. ఆయన లేచాడు కాబట్టి ఆ 18 మంది కథ కూడా అక్కడితో ముగియలేదని ఆశ. ఇది నా విశ్వాసం, రుజువు కాదు. దీన్ని నీ రూంమేటు మీద ఆయుధంగా వాడకు.

అతను అలా అడిగాడంటే పోయినవాళ్ల కోసం అతని గుండె మండుతోందన్నమాట. ముందు అతను పూర్తిగా చెప్పనీ, నువ్వు విను. సరిగ్గా అడిగావని అతనితో అను. నీకు తెలియనిది తెలియదని చెప్పు. ఒప్పుకుంటే ఆదివారం సాయంత్రం అతన్ని కూడా మనింటికి భోజనానికి తీసుకురా, అత్తయ్య ఎదురుచూస్తుంటుంది.

ఇట్లు,
మీ మామయ్య,
ఎల్.బి.నగర్