మెటల్స్ మోగకముందే

మిరప కోతలు ఊపందుకున్నాక గుంటూరు యార్డు దారిలో సొంత బండి ఉన్నవాడికి కిరాయికి కొదవ ఉండదు. వినుకొండ వైపు నుంచో, దర్శి, మార్కాపురం వైపు నుంచో టిక్కీలు (మిరప బస్తాలు) వేసుకుని వచ్చే పికప్పుల్ని, ఐచర్లను చూసి, ఏళ్ల తరబడి ఇంకొకరి బండికి స్టీరింగు పట్టిన డ్రైవరు ‘ఈ సీజనుకు మనమూ ఒకటి దించుదాం’ అనుకుంటాడు. కొత్త బండికి డబ్బు చాలదు కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో వెతుకుతాడు. అక్కడే భయం పట్టుకుంటుంది. మెటల్స్ పోయిన బండిని అంటగడితే? అప్పు తెచ్చిన డబ్బు మొదటి సీజనులోనే ఆటోనగర్ పాలైతే?

భయంలో తప్పేం లేదు. కానీ బండి కొనేటప్పుడు చాలామంది టైర్లు చూస్తారు, పెయింటు చూస్తారు, మీటరు రీడింగు చూస్తారు. ఇంజిను అడుగు భాగం దగ్గరికి వచ్చేసరికి అమ్మేవాడి మాట నమ్ముతారు. నిజానికి ఆ అడుగు భాగాన్ని పరీక్షించడానికి ఒక పూట చాలు. మెటల్స్ చాలావరకు చెప్పకుండా పోవు, ముందు నుంచీ చెబుతూనే ఉంటాయి. వినే ఓపిక ఉండాలి.

మెటల్స్ అంటే ఇంజిను బేరింగులే. క్రాంకుకూ బ్లాకుకూ మధ్య మెయిన్ మెటల్స్, క్రాంకుకూ కనెక్టింగ్ రాడ్డుకూ మధ్య బిగ్ ఎండ్ మెటల్స్ ఉంటాయి. ఉక్కు రేకు మీద మెత్తని లోహపు పూత వేసిన అర్ధచంద్రాకారపు ముక్కలవి. క్రాంకుకూ వాటికీ మధ్య ఉండే సందు వెంట్రుక మందమంత కూడా ఉండదు. ఇంజిను తిరుగుతున్నంతసేపూ ఆ సందులో ఆయిలు పొర నిలబడి ఉంటుంది. లోహం లోహాన్ని తాకకుండా కాపాడేది ఆ పొర ఒక్కటే. పొర తెగితే మెత్తటి పూత అరుగుతుంది, తర్వాత క్రాంకు గీసుకుంటుంది. మరీ ముదిరితే రాడ్డు విరిగి బ్లాకు పక్కనుంచి బయటికొస్తుంది. అప్పుడిక మెటల్స్ ఖర్చు కాదు, ఇంజిను ఖర్చు.

మన ప్రాంతంలో ఆ పొరను తెంచే కారణాలు మనకే తెలియాలి. మొదటిది వేడి. రెంటచింతల ఎండ గురించి ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆ ఎండలో జిన్నింగు మిల్లుల చుట్టూ, పత్తి చేల గట్ల మీద తిరిగే బండి రేడియేటరుకు దూది నుసి పట్టి దుప్పటి కప్పినట్టవుతుంది. నీళ్లు చల్లబడవు, ఆయిలు కాగి పలచబడుతుంది, పలచబడితే ప్రెషరు పడిపోతుంది. గాలి కొట్టేటప్పుడు ఇంజిను వైపు నుంచి బయటికి కొట్టాలి. ముందు నుంచి కొడితే నుసి ఇంకా లోపలికి దిగబడుతుంది. రెండోది నల్లరేగడి దుమ్ము. ఎయిర్ ఫిల్టరుకు సరిగా సీలు లేని బండిలో ఆ దుమ్ము ఆయిలులోకి దిగి, మెటల్స్‌ను రుబ్బేస్తుంది. మూడోది డ్రైవర్లకు నచ్చని మాట. డీజిలు మిగులుతుందని లోడు మీద టాప్ గేరులో తక్కువ స్పీడున ఈడుస్తాం చూశారూ, అప్పుడు పిస్టన్ల దెబ్బ మొత్తం బిగ్ ఎండ్ మీద పడుతుంది. ఆయిలు పంపు కూడా ఆ వేళ మెల్లగానే తిరుగుతుంది. మిగిలిన డీజిలు లెక్క, పోయిన మెటల్స్ లెక్క పక్కపక్కన రాసుకుంటే సంగతి తెలుస్తుంది.

2020 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన బీఎస్-6 డీజిలు బండ్లలో ఇంకొకటి ఉంది. పొగ గొట్టంలోని ఫిల్టరును కాల్చి శుభ్రం చేసుకోవడానికి ఇంజిను అదనంగా డీజిలు చల్లుతుంది. బండి దగ్గర దూరాలే తిరుగుతూ, యార్డు క్యూలో గంటల తరబడి ఐడిల్లో నిలబడితే ఆ పని సగంలో ఆగిపోయి, డీజిలు కొంత ఆయిలులో కలుస్తుంది. గేజి కడ్డీ మీద ఆయిలు తగ్గితే అందరూ కంగారుపడతారు, పెరిగితే సంతోషిస్తారు. పెరిగినా ప్రమాదమే. కడ్డీ వాసన చూడండి. డీజిలు వాసన కొట్టే ఆయిలుతో క్రాంకును మోయించకూడదు.

ఈ బెంగ మన డ్రైవర్లకే కాదు, కోటీశ్వరులకూ ఉంది. 1997 నుంచి 2008 వరకు వచ్చిన చాలా పోర్షే బాక్స్‌టర్, 911 కార్లలో ఇంజిను లోపల ఇంటర్మీడియట్ షాఫ్టు బేరింగు ఒకటి ఉంటుంది. అది పోతే ఇంజిను మొత్తం పోయినట్టే. దాని మీద అమెరికాలో యజమానులు కోర్టుకెక్కగా 2013లో రాజీ కుదిరింది. నిజానికి ఎక్కువ ఇంజిన్లలో ఆ బేరింగు పోలేదు. అయినా సెకండ్స్‌లో ఆ కారు కొనేవాళ్లు చాలామంది ఇప్పటికీ చేసే పని ఒకటుంది. క్లచ్చు మార్చడానికి గేరుబాక్సు దించినప్పుడే ఆ బేరింగూ మార్పించేస్తారు. విప్పే కూలి ఎలాగూ ఇస్తున్నాం కదా అని. హ్యుందాయ్ కంపెనీ కూడా 2015లో అమెరికాలో 2011, 2012 మోడల్ సొనాటాలను సుమారు 4,70,000 వెనక్కి పిలిచింది. క్రాంకు తయారీలో మిగిలిన లోహపు రజను ఆయిలు దారులకు అడ్డుపడి రాడ్డు బేరింగులు పోవడమే కారణం. కొత్త కారుకైనా, పాత పికప్పుకైనా బేరింగును ఎక్కువగా చంపేది ఆయిలు సరిగా అందకపోవడమే.

ఇక బండి చూడటానికి వెళ్లేటప్పుడు సంగతి. వచ్చేదాకా స్టార్టు చేయొద్దని ముందే ఫోనులో చెప్పండి. వెళ్లగానే ఆయిలు చాంబరు మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీకోసం ఇంజినును సిద్ధం చేశారన్నమాట. ఆ రోజుకు వచ్చేసి, మర్నాడు పొద్దున్నే చెప్పకుండా వెళ్లండి. తాళం తిప్పగానే, స్టార్టు చేయకముందు, ఆయిలు లైటు వెలగాలి. వెలగలేదంటే బల్బు పోయి ఉండాలి, లేదా ఎవరో వైరు పీకి ఉండాలి. స్టార్టయిన రెండు మూడు సెకన్లలో ఆ లైటు ఆరిపోవాలి.

చల్లటి ఇంజిను మాట అంతవరకే నమ్మండి. కాళ్లు నొప్పెట్టేదాకా తిప్పి, వీలైతే కొంత లోడు మీద తిప్పి, పూర్తిగా వేడెక్కాక ఐడిల్లో పెట్టి చూడండి. లైటు మిణుకుమంటే బేరం అక్కడితో ఆపేయొచ్చు. గట్టి ఆయిలు పోసి శబ్దాన్ని కప్పిపెట్టే మాయ చల్లటి ఇంజినులో బాగా పనిచేస్తుంది, కాగిన ఇంజినులో అంతగా పారదు. ఆయిలు ప్రెషరు మీటరు లేని బండికి మెకానిక్ దగ్గర ప్రెషరు గేజి బిగించి చూడటం ఇంకా మంచిది. వెయ్యి ఆర్‌పీఎంకు పది పీఎస్ఐ అన్నది పాతకాలపు మోటు లెక్క. అసలు అంకె మాత్రం ఆ ఇంజిను మాన్యువల్‌లో చూసుకోవాలి.

శబ్దం సంగతి. బిగ్ ఎండ్ మోత లోపలి నుంచి బరువుగా, స్పీడుతో పాటే వస్తుంది. యాక్సిలరేటరు కొంచెం తొక్కి పట్టి, ఒక్కసారిగా వదిలినప్పుడు స్పష్టంగా వినబడుతుంది. పాత పంపు ఇంజినులో మెకానిక్ ఒక్కో ఇంజెక్టరు పైపు నట్టు వదులు చేసి, ఏ సిలిండరు ఆపితే మోత తగ్గుతోందో చూస్తాడు. కామన్ రైల్ ఇంజినులో మాత్రం ఎవరినీ అలా చేయనివ్వకండి. అందులో డీజిలు వెయ్యి బార్లకు పైబడిన ఒత్తిడితో చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. స్కానరుతోనే సిలిండరు ఆపించాలి.

తర్వాత అసలు పరీక్ష. ఆయిలు మార్పు ఖర్చు, చాంబరు ప్యాకింగు, మెకానిక్ కూలి నేనే పెట్టుకుంటానని అమ్మేవాడితో చెప్పి చాంబరు దించమని అడగండి. పారబోసిన ఆయిలును తెల్ల గుడ్డ మీద వడకట్టండి. పాత ఫిల్టరు మడతలు విప్పి ఎండలో చూడండి. ఫిల్టరును హాక్సా బ్లేడుతో కోయించకండి, ఆ రజను వచ్చి మనల్నే మోసం చేస్తుంది. అయస్కాంతానికి అంటేది ఇనుము. అంటకుండా రాగి రంగులో మెరిసేది మెటల్స్ లోపలి పొర. అది కనిపిస్తే పైపూత అప్పటికే పోయిందని అర్థం. ఒక బిగ్ ఎండ్ క్యాపు విప్పి చూస్తే ఇంకా మేలు. మెటల్ వెనక వైపు ఎస్‌టీడీ అనో, 0.25, 0.50 అనో సైజు ముద్ర ఉంటుంది. 0.75 అని ఉంటే ఆ క్రాంకును ఇంతకుముందే అరగదీశారు, ఇంకోసారికి పెద్దగా మిగల్లేదు. కొన్ని ఇంజిన్ల క్రాంకులను అసలు గ్రైండింగు చేయకూడదని కంపెనీయే చెబుతుంది. అది కూడా ముందే కనుక్కోవాలి.

‘ఇంజిను ముట్టుకోలేదన్నా’ అని అమ్మేవాడు గొప్పగా చెబుతాడు. లక్షల కిలోమీటర్లు తిరిగిన బండిలో ముట్టుకోని ఇంజిను కంటే, బిల్లులతో సహా బాగా చేయించిన ఇంజినే నాకు నయమనిపిస్తుంది. అయితే చేయించడం వేరు, మార్చేయడం వేరు. బ్లాకు మీది నంబరు ఆర్‌సీలోని ఇంజిను నంబరుతో సరిపోవాలి. స్క్రాపులోంచి తెచ్చి వేసిన ఇంజిను ఆర్‌సీలో ఎక్కకపోతే ట్రాన్స్‌ఫర్ దగ్గరా, ఇన్సూరెన్సు క్లెయిము దగ్గరా ఇబ్బంది. ఫారం 29, 30 సంతకాలతో పాటు, ఫైనాన్సు ఉన్న బండికి ఫారం 35 కూడా చేతికి వచ్చాకే మొత్తం డబ్బు ఇవ్వండి.

అన్నీ చూశాక మెటల్స్ కొంచెం అరిగాయని తేలితే బండి వదిలేయాలనేం లేదు. రెండు షెడ్డుల్లో, ఒక లేత్ వర్క్స్‌లో ఖర్చు రాయించుకుని ఆ మొత్తం ధరలోంచి తగ్గించమనండి. పని చేయించేటప్పుడు మాత్రం మెటల్స్ ఒక్కటే మార్చి సరిపెట్టే మెకానిక్ దగ్గరికి పోకండి. అవి ఎందుకు పోయాయో తేలాలి. ఆయిలు పంపు కొలిపించాలి, క్రాంకులోని ఆయిలు రంధ్రాలు బ్రష్షుతో కడిగించాలి, ఆయిలు కూలరులో దాక్కున్న రజను తీయించాలి, అది కుదరకపోతే కూలరే మార్చాలి. రాడ్డు బోల్టులు ఒకసారి బిగించాక మళ్లీ వాడకూడని రకమైతే కొత్తవే కొనాలి, టార్క్ రెంచితోనే బిగించాలి. ఈ పని ఒక్క సాయంత్రంలో అయిపోతుందని చెప్పేవాడు ఇందులో ఏదో ఒకటి వదిలేస్తున్నాడు.

రోడ్డు మీద లోడుతో ఉండగా ఎర్రటి ఆయిలు లైటు వెలిగితే పక్కకు తీసి, ఆ క్షణమే ఇంజిను ఆపండి. ‘చిలకలూరిపేట ఎంత, నాలుగు కిలోమీటర్లేగా’ అని లాగించిన వాళ్ల క్రాంకులే ఆటోనగర్లో ఎక్కువ దొరుకుతాయి. సరుకు వేరే బండికి మార్చే ఖర్చు, తాడు కట్టి లాగించే ఖర్చు కలిపినా కొత్త ఇంజినంత కావు.

మామూలు మోటారు ఇన్సూరెన్సులో అరుగుదలకూ, మెకానికల్ బ్రేక్‌డౌన్‌కూ డబ్బు రాదు. మెటల్స్ పోయి ఇంజిను పట్టేస్తే ఆ భారం మీదే. అందుకే కొనే పని సంక్రాంతి దాటాక, మిరప తొందరలో పెట్టుకోకండి. కిరాయిలు పలచగా ఉండే ఆగస్టు, సెప్టెంబరులో బండి చూసుకోండి, చాంబరు దించి చూపించనన్నవాడి బండిని వదిలేయండి, అవసరమైన పని పత్తి మొదలయ్యేలోపే ముగించుకోండి.