వూహానులో వైద్యము చదువుచున్న మనుమనికి

నంద్యాల



ఆళ్లగడ్డలో మీ అమ్మానాన్నలు క్షేమము. నీ ఉత్తరము చదివితిని. వసతిగృహమున తెలుగు విద్యార్థులు పలువురున్నారనియు, వంటయు ముచ్చటలును వారితోడనే సాగుచున్నవనియు, పాఠములు ఆంగ్లముననే జరుగుటచే చైనీసుతో అంతగా పనిపడుట లేదనియు నీవు వ్రాసిన మాటలు మీ అమ్మకు ఊరట కలిగించినవి గాని, నన్ను ఆలోచనలో పడవైచినవి. పరదేశమున స్వజనము దొరకుట భాగ్యమే. కాని ఆ ఊరి మనుష్యులకు నిన్ను దూరము చేయునంతగా అందు మునిగిపోరాదు.

పాఠములు ఆంగ్లమున సాగినను, నీ యెదుట కూర్చుండు రోగికి ఆంగ్లము రాదు. ఆస్పత్రి శిక్షణకు హెచ్.ఎస్.కె. యను చైనీసు భాషాపరీక్షలో నాలుగవ స్థాయి కావలెనని మన రాయబార కార్యాలయము 2022లో విద్యార్థులను హెచ్చరించినది అందుకే. అయినను పరీక్ష గట్టెక్కించు భాష వేరు, బాధ చెప్పుకొను భాష వేరు. శిరివెళ్లనుండియో రుద్రవరమునుండియో మన నంద్యాల పెద్దాసుపత్రికి వచ్చిన అవ్వ “కాళ్లు ఒకటే పీకుతాండాయి నాయనా, కడుపులో దేవినట్టుంటాది” అనును గాని, పుస్తకభాషలో రోగలక్షణములు చెప్పదు. వూహాను అవ్వయు తన ఊరి యాసలోనే మొరపెట్టుకొనును.

చైనాకు పోయిన మనవారిని తలచుకొనుము. 1991లో మన నంద్యాలనుండి లోక్‌సభకు ఎన్నికైన పి.వి. నరసింహారావుగారు, ప్రధానిగా 1993 సెప్టెంబరులో బీజింగునకు పోయినపుడు, సరిహద్దున శాంతి నిలుపుటకై ఒడంబడిక కుదిరినది. ఆయన బహుభాషాకోవిదులు, స్పానిషు వంటి పరదేశభాషను సైతము శ్రమించి నేర్చినవారు. అయినను అట్టి దేశనేతలకు ప్రక్కన దుబాసీలుందురు. అర్ధరాత్రి వార్డులో రోగి మూలిగినపుడు నీ ప్రక్కన దుబాసీ యుండడు. షోలాపురమున జన్మించిన డాక్టరు ద్వారకానాథ కోట్నీసు 1938లో భారత వైద్యబృందముతో యుద్ధపీడితమైన చైనాకు పోయి, ఆ భాష నేర్చి, ఆ భాషలోనే రోగుల నూరడించి, విద్యార్థులకు వైద్యము బోధించి, 1942లో ముప్పది రెండేండ్ల ప్రాయమున అచటనే కన్నుమూసెను. చైనీయులు ఆయనను నేటికిని తలచుచున్నారన్నచో, ఆయన వారితో వారి మాటలోనే బ్రదికెను గనుకనే యని నా నమ్మకము.

కావున రేపటినుండి ఉదయపు ఫలాహారమునకు వీధి అంగడికి పొమ్ము. నువ్వులముద్ద కలిపిన నూడుల్సు వంటకమగు రెగాన్‌మియెన్ ఆ ఊరివారికి ప్రీతిపాత్రము. దానిని వేలితో చూపి తీసికొనక, నోటితో అడుగుము. కారము తగ్గించుమని చెప్పుము, ధర యడుగుము, అంగడివారి యోగక్షేమములు విచారింపుము. ఒంటరిగా పొమ్ము, తోడుగా తెలుగువాడున్నచో మీ యిరువురును తెలుగే మాటాడుదురు.

ఉచ్చారణకు వెఱవకుము. రోమను లిపిలో బి, డి, జి యని వ్రాయునవి చైనీసున మన ప, త, కలకు దగ్గఱగా పలుకును. పి, టి, కె యని వ్రాయునవి ఒత్తి పలుకు ఫ, థ, ఖలకు దగ్గఱ. చిన్ననాట వత్తులు దిద్దిన నీకు ఈ భేదము కష్టము గాదు. పలుకు ఎత్తుపల్లములగు నాలుగు స్వరములు మాత్రము మన భాషలో లేనివి. అవి విని, అనుకరించి, ఆ ఊరివారిచే దిద్దించుకొనవలసినవే. తప్పు పలికిన నవ్వుదురేమోయను సిగ్గు నీకు సహజము. కాని ఆళ్లగడ్డ శిల్పుల యింట పుట్టిన పిల్లవాడు రాయి చెడునని ఉలి పట్టకున్నచో ఎన్నటికిని శిల్పి కాజాలడు. నవ్విన వారినే “సరిగా ఎట్లు పలుకవలెను?” అని యడుగుము, అత్యధికులు సంతోషముతో చెప్పుదురు.

తెలుగు స్నేహితులను విడువుమని నా మాట గాదు. ఉగాదినాడు అందఱును కూడి పచ్చడి చేసికొని తినుడు. దినమున కొంతకాలము మాత్రము వారిని విడిచి ఊరిలోనికి పొమ్ము. వచ్చు ఉత్తరమున నీ మార్కులతోపాటు, ఆ వారము ఎవరితో మాటాడితివో, ఎవరు నీ తప్పు దిద్దిరో, ఎవరి మాట నీకు బోధపడలేదో వివరముగా వ్రాయుము.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి,
తాత