ముందు సముద్రం కాపలా

చి. గణేశుకి,

నడిపితే యుద్ధ విమానమే నడుపుతాను, లేదంటే వైమానిక దళం ఉద్యోగమే వద్దంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కోరిక మంచిదేరా, నాకూ సంతోషమే. ఆ పట్టు గురించే నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఇద్రిస్ హసన్ లతీఫ్ గారి పేరు విన్నావా? 1923లో హైదరాబాదులో పుట్టారు. నిజాం కాలేజీలో చదివి, పద్దెనిమిదేళ్లకే వైమానిక దళంలో చేరి, 1942 జనవరికల్లా ఆఫీసరయ్యారు. రెండో ప్రపంచ యుద్ధం ముదిరిన రోజులవి. ఆ ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులేస్తే జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకి పరిగెత్తారని మా నాన్న చెప్పేవాడు. అలాంటప్పుడు కుర్రాడైన లతీఫ్ గారికి దక్కిన పనేటో తెలుసా? కరాచీలో తీరం కాపలా. వాపిటీ, ఆడాక్స్ అనే కాలం చెల్లిన విమానాలు. ఒకదాని మీద ఒకటి రెండు వరసల రెక్కలు, తల మీద కప్పుండదు, గాలి మొహాన కొడుతూనే ఉంటుంది. జలాంతర్గామి జాడ కనిపిస్తుందేమోనని అరేబియా సముద్రాన్ని కళ్ళతో గాలించాలి. మీ నాన్న తెప్ప మీద నిలబడి, నీటి రంగు మారిందంటే కింద చేపల గుంపుందని చెప్పేస్తాడు చూడు, అలాంటి చూపు కావాలి దానికి. హరికేన్, స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాలు నేర్చుకోడానికి ఇంగ్లండు పంపింది ఆ తరవాతే. ఆపైన బర్మా యుద్ధం.

నా మనసులో నిలిచిపోయింది మాత్రం 1947. తోటి పైలట్లు అస్గర్ ఖాన్, నూర్ ఖాన్ పాకిస్తాన్ వైపు వెళ్తూ ఆయన్నీ రమ్మన్నారు. మతాన్నీ దేశాన్నీ ముడిపెట్టడానికి ఆయన ఒప్పుకోలేదు, ఇక్కడే ఉండిపోయారు. వాళ్ళిద్దరూ ఒకరి తరవాత ఒకరు అవతలి వైమానిక దళానికి అధిపతులయ్యారు. 1965లో యుద్ధం వచ్చేనాటికి నూర్ ఖానే అక్కడ పెద్ద. ఒకప్పుడు ఒకే దళంలో పనిచేసిన స్నేహితుడు ఎదుటి పక్షాన ఉంటే మనిషికి ఎలా ఉంటుందో ఆలోచించు. సినిమాల్లో ఇది చూపించరు. 1978లో లతీఫ్ గారు మన వైమానిక దళాధిపతి అయ్యారు. తరవాత మహారాష్ట్ర గవర్నరుగా, ఫ్రాన్సులో రాయబారిగా చేసి, చివరికి హైదరాబాదే చేరుకున్నారు. 2018లో అక్కడే, 94 ఏళ్ళకి కన్నుమూశారు.

ఇక నీ సంగతి. కోరుకొండ సైనిక్ స్కూల్లో సీటు రాలేదని ఇంకా కుమిలిపోకు. సైన్యంలో ఆఫీసర్లని తయారుచేసే ఎన్‌డీఏలో చేరే పరీక్ష ఏ కాలేజీలో చదివినవాడైనా రాయొచ్చు, ఏటా రెండుసార్లు పెడతారు. ఇంటర్లో లెక్కలు, ఫిజిక్సు గట్టిగా పట్టు. పైలట్ ఎంపికకి కంప్యూటర్ మీద పెట్టే పరీక్షొకటుంది. అందులో తప్పితే పైలట్‌గా తీసుకోరు. కాలి పొడవు దగ్గర్నుంచి కంటిచూపు దాకా అన్నీ కొలుస్తారు. అందులో తేడా వస్తే అది నీ తప్పు కాదు, అప్పుడు దళంలో వేరే పని ఇస్తామంటే చిన్నతనం అనుకోకు, లతీఫ్ గారూ తీరం కాపలాతోనే మొదలెట్టారు కదా. ఉద్యోగం ఇప్పిస్తానని డబ్బడిగేవాడు వస్తే మాత్రం గుమ్మంలోంచే పంపించెయ్.

రాత్రిళ్ళు చీకట్లో సెల్‌ఫోను చూడటం తగ్గించు. వచ్చే ఆదివారం టెక్కలి వెళ్ళి కళ్ళు పరీక్ష చేయించుకో. డాక్టరు ఏమన్నాడో నాకు ఫోన్ చెయ్యి, డబ్బులు మీ నాన్న చేతికిచ్చాను.

ఇట్లు,
మీ చినతాత